పదుగురి ముందుంచిన లెక్క

(సంఘ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ వేదికపై సంగీతమును గూర్చియు, సాహిత్యమును గూర్చియు, నాటకమును గూర్చియు ప్రసంగములు జరుగుట మీకు పరిపాటి. ఈనాడు నేను ఇంజనీరింగు మెకానిక్సునకు సంబంధించిన విద్వత్సంఘములలో చేరుటను గూర్చి మాటలాడ బూనుట కొందరికి వింతగా తోచవచ్చును. పైగా నేను ఇంజనీరును కాను. చరిత్రయు సాహిత్యమును చదివి పట్టము పుచ్చుకొని, సచివాలయములో ఫైళ్ల నడుమ కాలము గడుపుచున్నవాడను. అయినను ఈ విషయము నెన్నుకొనుటకు కారణము కలదు. మన సభ్యుల ఇండ్లలో ఇంజనీరింగు చదువుచున్న బాలురును బాలికలును ఎందరో కలరు. చదువు ముగించి కేంద్రప్రభుత్వ శాఖలలో చేరిన యువకులును, యువతులును ఈ సభలో కూర్చుండియున్నారు. ఉద్యోగము దొరకినంతనే పుస్తకము మూసివేయుట మనలో పలువురకు అలవాటు. మూసిన ఆ పుస్తకమును మరల తెరిపించునది విద్వత్సంఘము. ఇది మనుష్యుల ప్రాణములకు సంబంధించిన విషయమని ఈ కొద్ది సమయములో మీకు మనవి చేయదలచితిని.

మెకానిక్సు అనగానే మోటారు బాగుచేయు మెకానిక్కు మనకు గుర్తునకు వచ్చును. తెలుగులో ఈ విద్యను యాంత్రికశాస్త్రమని వ్యవహరించుచున్నారు. ఒక వస్తువుపై బలము పడినప్పుడు అది కదలునా, వంగునా, సాగునా, విరుగునా అను ప్రశ్నకు సమాధానము చెప్పు శాస్త్రమిది. మేడమీది నీళ్లతొట్టి నిలిచియుండుటకును, రైలు పోవునప్పుడు వంతెన కొంచెము వంగి మరల యథాస్థితికి వచ్చుటకును, విమానపు రెక్క గాలిలో ఊగియు విరుగకుండుటకును ఆధారమైన లెక్క ఈ శాస్త్రమునకు చెందినదే. వస్తువు లోపల ఒక్కొక్క చదరపు అంగుళముపై పడు బలమును ప్రతిబలమనియు, అందువలన ఆ వస్తువు రూపములో కలుగు మార్పును వికృతియనియు శాస్త్రజ్ఞులు పిలుతురు. ఈ రెండు మాటలు తెలిసియున్నచో నేను చెప్పబోవు కథ మీకు సులభముగా బోధపడును.

ముందుగా మన కార్యాలయ పద్ధతిని స్మరింపుడు. ఫైలు క్రిందినుండి పైకి పోవును. సహాయకుడు నోటు వ్రాయును, సెక్షను ఆఫీసరు సవరించును, అండరు సెక్రటరీ సంతకము చేయును, ఆపైవారు ఆమోదింతురు. ఎంత పైకి పోయిన అంత బలము. పరిపాలనకు ఈ పద్ధతి అవసరమే. దీనివలననే బాధ్యత నిర్ణయమగును. కాని ఉక్కుదూలమునకు హోదా తెలియదు. లెక్క తప్పినచో ఎంతటివారు సంతకము చేసినను వంతెన నిలువదు. కావున హోదాకు లోబడని పరీక్ష ఒకటి శాస్త్రమునకు కావలెను. ఆ పరీక్ష జరుగుచోటు విద్వత్సంఘము.

తెలుగువారికి ఈ భావము క్రొత్తది కాదు. అవధానసభను చూడుడు. అవధాని ఎంతటి పండితుడైనను పృచ్ఛకులు లేనిదే అవధానము లేదు. ఒకరు సమస్య నిత్తురు; ఒకరు నిషిద్ధాక్షరి నడుపుదురు; అప్రస్తుతప్రసంగి అడ్డుపడుచుండును. అందరును కలసి ఆయనను పరీక్షింతురు. ఆ పరీక్షవలననే ఆయన కీర్తి నిలుచును. పృచ్ఛకుడు వయసున చిన్నవాడైనను ప్రశ్న సరియైనదైనచో అవధాని సమాధానము చెప్పియే తీరవలెను. విద్వత్సంఘములోని మర్యాదయు ఇట్టిదే. తన లెక్క తనకు ముద్దు. కాకిపిల్ల కాకికి ముద్దు గదా! దానిని పదుగురి ముందుంచినగాని అందలి లోపము బయటపడదు.

ఇక కథకు వచ్చెదను. కెనడా దేశమున సెయింట్ లారెన్సు నదిపై, క్యుబెక్ నగరమునకు సమీపమున, ఒక గొప్ప రైలువంతెనను కట్ట పూనుకొనిరి. దానికి సలహాదారుగా న్యూయార్కునుండి థియొడోర్ కూపరు అను ఇంజనీరును నియమించిరి. ఆ కాలపు అమెరికాలో వంతెనల విషయమున ఆయన మాటకు ఎదురు లేదు. మధ్య వ్యవధిని మొదట 1,600 అడుగులుగా నిర్ణయించిరి. 1900లో దానిని 1,800 అడుగులకు పెంచిరి. అట్లు కట్టినచో స్కాట్లండులోని ఫోర్తు వంతెన వ్యవధిని మించి, ఆ తరగతి వంతెనలలో ప్రపంచమున మొదటిదగును. వ్యవధి పెరిగినప్పుడు వంతెన స్వంత బరువును పెరుగును. ఆ బరువును క్రొత్తగా లెక్కింపవలసియుండగా, పాత అంచనామీదనే పని నడచెను. ఉక్కు మోయదగిన ప్రతిబలమును సహితము వాడుకకంటె ఎక్కువగా అనుమతించిరి.

ప్రభుత్వోద్యోగులమైన మనము గమనింపదగిన ఘట్టమొకటి ఇక్కడ కలదు. 1903లో కెనడా ప్రభుత్వ రైల్వే శాఖవారు, ఈ నమూనాలను మరియొక ఇంజనీరుచేత పరీక్షింపజేయుదుమని తలపెట్టిరి. అట్లు చేసినచో తన స్థానము క్రిందివాని స్థానమగునని కూపరు ఆక్షేపించెను. ఆయన కీర్తికి తలయొగ్గి ప్రభుత్వము వెనుకకు తగ్గెను. తుది నిర్ణయము కూపరుదే అయ్యెను. ఆయన వృద్ధుడు, అస్వస్థుడు. 1903 తరువాత వంతెన కట్టుచోటికి పోలేదు. ఉక్కు బరువు అంచనాను మించినదని 1906లో తెలిసినప్పుడును, ఆ అదనపు ప్రతిబలమును భరింపవచ్చునని ఆయన అంగీకరించెను, పని సాగెను.

1907 ఆగస్టులో, క్రింది భాగమునందలి ఒక పెద్ద ఉక్కుదూలము ప్రక్కకు వంగుచున్నట్లు అక్కడి యువ ఇంజనీరు నార్మన్ మెక్‌లూరు గమనించెను. ముప్పాతిక అంగుళముగా నున్న వంపు కొలది దినములలో రెండుంబావు అంగుళములయ్యెను. దూలము మొదటనే వంగియుండవచ్చునని కొందరు వాదించిరి. ఆ యువకుడు ఉత్తరము వ్రాసి, తరువాత స్వయముగా న్యూయార్కునకు బయలుదేరెను. ఆగస్టు 29వ తేదీన ఆతని మాటలు వినిన కూపరు, ఇక బరువు పెంచవలదని కర్మాగారమునకు తంతి పంపెను. ఆ తంతివార్త వంతెన కడకు చేరలేదు. ఆ సాయంకాలము పని ముగియవలసిన వేళకు వంతెన దక్షిణభాగమంతయు కొలది క్షణములలో నదిలో కూలెను. దానిపై 86 మంది యుండిరి. 75 మంది మరణించిరి. వారిలో ముప్పదిమందికి పైగా, ఎత్తైన ఉక్కుకట్టడములపై పనిచేయుటలో పేరుపడిన మోహాకు తెగవారు.

కెనడా ప్రభుత్వము నియమించిన విచారణసంఘము 1908లో నివేదిక సమర్పించెను. కూపరు తప్పును, నమూనాలు గీసిన సంస్థ ఇంజనీరు తప్పును వారు స్పష్టముగా చెప్పిరి. దానితో ఆగలేదు. అంత పెద్ద ఉక్కుస్తంభములు బరువు క్రింద ఎట్లు ప్రవర్తించునో ఆనాటి ఇంజనీరింగు వృత్తికే చాలినంత తెలియదనియు వారు ప్రకటించిరి. ఈ రెండవ మాట అత్యంత ముఖ్యమైనది. ఒక వ్యక్తి తెలియమిని మరియొక వ్యక్తి దిద్దవచ్చును. వృత్తి అంతటికిని తెలియని విషయమును వృత్తి అంతయు కలసి, ప్రయోగములు చేసి, ఫలితములు ప్రచురించి, చర్చించి తెలిసికొనవలెను. 

కూపరు విద్వత్సంఘములో సభ్యుడు కాడా యని మీరడుగవచ్చును. సభ్యుడే. అమెరికా సివిలు ఇంజనీర్ల సంఘములో మిక్కిలి పేరుగలవాడు. కావున సంఘములో చేరుట యనగా పేరు చివర నాలుగక్షరములు తగిలించుకొనుట కాదని ఈ కథ చెప్పుచున్నది. తన లెక్కను ఇతరుల ముందుంచుటకు అంగీకరించుటయే చేరుట. ఆ అంగీకారము లేని సభ్యత్వము గోడకు వ్రేలాడు పటమువంటిది.

ఒక విభాగమువారికి తెలిసినది మరియొక విభాగమువారికి చేరకపోవుటయు ప్రమాదకరమే. అమెరికాలోని టకోమా వంతెన 2,800 అడుగుల వ్యవధితో 1940 జులైలో ప్రారంభమై, ఆ సంవత్సరము నవంబరు 7వ తేదీన, తుపాను కాని సామాన్యపు ఈదురుగాలికి ఊగి, మెలితిరిగి కూలిపోయెను. అదృష్టవశమున మనుష్యులెవ్వరును మరణింపలేదు. గాలి బరువును వంతెన ఇంజనీర్లు లెక్కించియే యుండిరి. కాని గాలి ఒక పలుచని కట్టడమును ఊగులాడజేయు విధానమును గూర్చి ఎక్కువగా ఆలోచించినవారు విమానశాస్త్రజ్ఞులు. విమానశాస్త్రమున ప్రఖ్యాతుడైన థియొడోర్ వాన్ కార్మానును పిమ్మట విచారణసంఘములో చేర్చుకొనిరి. ఆ పరిచయము వంతెన కూలక ముందే జరిగియున్నచో ఎంత బాగుండెడిది! మెకానిక్సు సంఘములో వంతెనవారును, విమానమువారును, గణితశాస్త్రజ్ఞులును ఒకే గదిలో కూర్చుందురు. కట్టడములు వేరైనను వారి సమీకరణములు ఒకే కుటుంబమునకు చెందినవి.

ఆ వాన్ కార్మానే ఈ శాస్త్రమునకు అంతర్జాతీయ సమావేశములను సమకూర్చినవారిలో ఒకడు. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత, ఓడిన దేశముల శాస్త్రజ్ఞులను పెక్కు అంతర్జాతీయ సభలకు రానీయలేదు. ఆ దినములలో ఆయనయు, ఇటలీ గణితశాస్త్రజ్ఞుడు లెవీ చివిటాయు పూనుకొని, 1922లో ఆస్ట్రియాలోని ఇన్స్‌బ్రుక్ నగరమున ద్రవగతిశాస్త్రముపై ఒక సమావేశమును జరిపించిరి. యుద్ధమున ఎదురెదురు పక్షములలో నిలిచిన దేశములవారు అచ్చట ఒకచోట కూర్చుండి నీటి ప్రవాహమును గూర్చి చర్చించిరి. 1924లో హాలెండులోని డెల్ఫ్టు నగరమున యాంత్రికశాస్త్ర మొదటి అంతర్జాతీయ మహాసభ జరిగెను. రెండవ యుద్ధానంతరము, 1946లో పారిస్ మహాసభలో శాశ్వతమైన అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడెను. ఈ సమాఖ్యలో నేడు మన దేశమునకును స్థానము కలదు.

మన దేశములో ఇండియన్ సొసైటీ ఆఫ్ థియరెటికల్ అండ్ అప్లైడ్ మెకానిక్స్ అను సంఘము 1955లో ఖరగ్‌పూరు ఐ.ఐ.టి.లో స్థాపితమయ్యెను. దీనికి మూలపురుషుడు ఆచార్య భోజరాజ్ సేఠ్. ఆయన గణితశాస్త్రజ్ఞుడు. వికృతి మిక్కిలి ఎక్కువైనప్పుడు పదార్థములు ఎట్లు ప్రవర్తించునో పరిశోధించి విదేశములలోను పేరు గడించినవారు. గణితశాస్త్రజ్ఞుడు ఇంజనీరింగు విద్యాలయములో కూర్చుండి ఇరువర్గములకును చెందిన సంఘమును నెలకొల్పుట ఆ సంఘస్వభావమునకు తగినట్లే యున్నది. ఆ సంఘము వార్షిక మహాసభలను దేశమునందలి వేరువేరు విద్యాసంస్థలలో జరుపుచున్నది.

అదే 1955 సంవత్సరము డిసెంబరు 10వ తేదీన కృష్ణానదిపై నందికొండ వద్ద నాగార్జునసాగరమునకు నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. అంత ఎత్తైన రాతికట్టడము నదికి అడ్డముగా నిలుచుట కేవలము బరువుచేతనే సాధ్యమని మనము తలంతుము. కాని నీరు పునాది క్రిందను, రాతి సందులలోను దూరి, కట్టడమును పైకెత్తుటకు ప్రయత్నించును. అంతమేరకు దాని బరువు తగ్గినట్లే యగును. ఈ సత్యమును ప్రపంచము తేలికగా నేర్చుకొనలేదు. ఫ్రాన్సు దేశమున బూజే అనుచోట కట్టిన ఆనకట్ట 1884లో కొంత కదలెను, బాగుచేసిరి, 1895 ఏప్రిల్ 27వ తేదీన తెగిపోయి ఎనభైమందికి పైగా ప్రాణములు గొనెను. ఆ వినాశమునకు కారణమును ఇంజనీర్లు శోధించి, ప్రచురించి, చర్చించిరి. నేటి పెద్ద ఆనకట్టల లోపల, ఊరు నీటిని బయటికి పంపుటకు నడవలును కాలువలును నిర్మించుట ఆ చర్చలవలన స్థిరపడిన ఆచారము. ఎక్కడి ఫ్రాన్సు గ్రామము, ఎక్కడి నల్లగొండ, గుంటూరు పొలములు! ఒకచోటి దుఃఖము మరియొకచోటి రక్షణగా మారుటకు నడుమ విద్వత్సంఘములును, వాని పత్రికలును ఉండవలెను.

ఇప్పుడు గృహస్థులు సాధారణముగా వేయు ప్రశ్నలకు వచ్చెదను. మొదటిది, ఇందువలన ఉద్యోగమున లాభమేమి? విద్యార్హతనిచ్చు సంస్థ వేరు, విద్వత్సంఘము వేరు. 1920లో స్థాపింపబడి, 1935లో రాజశాసనము పొందిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ నడపిన పరీక్షలవలన, కళాశాల మెట్లెక్కలేకపోయిన ఎందరో డ్రాఫ్ట్స్‌మెన్లును, ఓవర్సీర్లును ఇంజనీర్లయిరి. అది గొప్ప సేవ. మెకానిక్సు సంఘములో సభ్యత్వమువలన పట్టము రాదు, ప్రమోషను రాదు. సంబంధమును, చర్చను, విమర్శను పొందవచ్చును. పట్టము ఒక్కసారి సంపాదించునది. విమర్శ జీవితాంతము కావలసినది. 

రెండవది, ప్రభుత్వోద్యోగి చేరవచ్చునా? 1964 నాటి కేంద్ర సివిలు సర్వీసుల ప్రవర్తన నియమావళి దీనికి అడ్డు కాదు. ఉద్యోగధర్మమునకు భంగము కలుగనంతవరకు, అప్పుడప్పుడు చేయు సాహిత్య, కళా, వైజ్ఞానిక కృషికి ముందుగా అనుమతి అక్కరలేదని పదునైదవ నియమము చెప్పుచున్నది. అయితే కార్యాలయమునకు చెందిన సమాచారమును అనుమతి లేక బయట పెట్టరాదు. ఎన్నికతో కూడిన పదవిని స్వీకరింపదలచినచో ముందుగా వ్రాసి అనుమతి పొందవలెను. ఈ హద్దులు తెలిసికొని నడచుకొనువారికి భయము లేదు.

మూడవది, తీరిక ఏది? ఇది నిజమైన ప్రశ్న. క్షేత్రమున పనిచేయు ఇంజనీరునకు టెండర్లు, బిల్లులు, ఆడిటు అభ్యంతరములు, పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు; ఇవన్నియు తీరునప్పటికి దినము గడచును. పది సంవత్సరములు ఇట్లు గడచినచో ఇంజనీరు మంచి గుమాస్తా యగును. గుమాస్తా పనిని నేను తక్కువ చేయుట లేదు; నా జీవనమే అది. కాని నా నోటులో పొరపాటు దొరలినచో మరియొక నోటుతో దిద్దవచ్చును. దూలమునకు ఆ సౌకర్యము లేదు. అందుచేత నెలకు ఒక్క సాయంకాలమైనను ఈ విద్యకు కేటాయింపుమని ఆ యువకులను కోరుచున్నాను.

చేరు విధానము కష్టమైనది కాదు. దరఖాస్తులో చదువును, చేయుచున్న పనిని తెలుపవలెను. కొన్ని సంఘములలో ఇప్పటికే సభ్యులైనవారి సిఫారసు అడుగుదురు. మీ కళాశాలలోని ఆచార్యుని ఆశ్రయింపుడు. విద్యార్థులకు రుసుము తగ్గించు సంఘములు కలవు. విద్యార్థిదశలోనే చేరుట మేలు. దేశమంతట బదిలీలు పొందువారికి యావజ్జీవ సభ్యత్వము సౌకర్యము. ఇల్లు మారును, కార్యాలయము మారును, సంఘము మాత్రము మారదు.

చేరిన తరువాత చేయవలసినది మరింత ముఖ్యము. మొదటి సంవత్సరము ఒక మహాసభకు పోయి వెనుక వరుసలో కూర్చుండి వినుడు. రెండవ సంవత్సరము ఒక్క ప్రశ్న అడుగుడు; ప్రశ్న చిన్నదైనను సిగ్గుపడకుడు. మూడవ సంవత్సరమున మీ పనిలో ఎదురైన ఒక చిక్కును, అనుమతి పొంది, వ్యాసముగా వ్రాసి సభ ముందుంచుడు. గ్రంథాలయమున కూర్చుండు పండితునకు పగిలిన దూలము కనబడదు. దానిని చూచువారు మీరే. మీరు చూచిన పగులు ఆయనకు సమస్య; ఆయన సమీకరణము మీకు ఆయుధము. ఎవరైనను మీ లెక్కను తప్పుపట్టినచో కోపగింపక, ఇంటికి వచ్చి ఆ లెక్కను మరల చేయుడు. ఆయన చెప్పినది నిజమైనచో ఆయనకు ఉత్తరము వ్రాసి కృతజ్ఞత తెలుపుడు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. కుమారుడో కుమార్తెయో సంఘ రుసుమునకు డబ్బడిగినప్పుడు, జీతమెంత పెరుగునని అడుగకుడు. ఎవరు నీ లెక్కను పరీక్షింతురు, నీవు ఎవరి లెక్కను పరీక్షింతువు అని అడుగుడు. ఆడపిల్లలను మహాసభలకు దూరప్రయాణము చేయనిచ్చుటకు వెనుదీయకుడు. వివాహమునకు పంపు దూరముకంటె అది ఎక్కువ కాదు.

పెద్ద ఉద్యోగములలో నున్న ఇంజనీరు మిత్రులకును ఒక విన్నపము. మీ క్రింద పనిచేయు చిన్నవాడు వంగిన దూలమును చూపి, ‘అయ్యా, ఇది నాకు సరిగా తోచుట లేదు’ అని పలికినప్పుడు, ఆతని వయస్సును, జీతపు శ్రేణిని లెక్కింపక, ఆ దూలమును కొలిపింపుడు. క్యుబెక్‌లో రెండుంబావు అంగుళములను గూర్చి వాదన ముగియునంతలో డెబ్బదియైదు కుటుంబములకు దిక్కు లేకపోయెను. విద్వత్సంఘములో ఇట్టి ప్రశ్నలు వినుటకు అలవాటుపడిన అధికారి, తన కార్యాలయములోను వానిని వినగలడు. అట్టి అధికారులు మన తెలుగువారిలో పెక్కుమంది కావలెనని కోరుచున్నాను.